టాబ్లెట్‌లో భద్రపరచిన, డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళ అన్వేషణ: పోచారం ఆయకట్టు విస్తరణ సేవలకు అన్వయం

సంగ్రహం

వ్యవసాయ విస్తరణ సిబ్బందికి టాబ్లెట్ నిత్య పరికరమైంది. అయినప్పటికీ పొలం గట్టు మీద రైతు అడిగిన ప్రశ్నకు సమాధానమున్న ఫైలు టాబ్లెట్‌లోనే ఉండి కూడా సమయానికి దొరకకపోవడం సాధారణ అనుభవం. అంతకంటె ప్రమాదకరమైనది, దొరికిన ఫైలు కాలం చెల్లినదై ఉండటం. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో ఫైళ్ళు నిలిచే స్థానాలు, వాటిని వెతికే క్రమం, తేదీల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు, క్షేత్ర ఛాయాచిత్రాల సంరక్షణ అనే నాలుగు అంశాలను పోచారం ప్రాంతపు ఉదాహరణలతో ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో, మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై నిజాం కాలంలో నిర్మించిన పోచారం జలాశయం 1922లో పూర్తయింది. దీని కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాలలో సుమారు 10,500 ఎకరాల ఆయకట్టు ఉన్నది. ప్రధాన పంట వరి. వానాకాలం, యాసంగి రెండు పంటలలోనూ నారుమడి నుండి కోత వరకు రైతు సలహా కోసం చూసేది వ్యవసాయ విస్తరణాధికారి వైపే. రాష్ట్రంలో ఒక్కొక్క విస్తరణాధికారికి సుమారు 5,000 ఎకరాల క్లస్టరును అప్పగించారు. ఆ లెక్కన పోచారం ఆయకట్టు విస్తీర్ణం రెండు క్లస్టర్లకు సమానం. పంటల నమోదు, శిక్షణ సమాచారం, వాతావరణ ఆధారిత సలహాలు, తెగుళ్ళ కరపత్రాలు అన్నీ ఈనాడు టాబ్లెట్ ద్వారానే అతనికి చేరుతున్నవి.

ఒక సందర్భాన్ని ఊహించుదాము. ఆగస్టు నెలాఖరులో ఎల్లారెడ్డి మండలపు రైతు ఒకరు పిలక దశలో ఉన్న వరి దుబ్బును పెరికి తెచ్చి చూపినాడు. మొవ్వు ఉండవలసిన చోట ఉల్లికాడ వంటి గొట్టం పొడుచుకు వచ్చింది. ఇది ఉల్లికోడు లక్షణమని, కాండం తొలిచే పురుగు ఆశిస్తే మొవ్వు ఎండి, లాగితే సులభంగా ఊడి వస్తుందని విస్తరణాధికారికి తెలుసు. నివారణ వివరాల కరపత్రం తన టాబ్లెట్‌లో ఉన్నదనీ తెలుసు. కాని అది ఎక్కడ ఉన్నది? బ్రౌజరు నుండి డౌన్‌లోడ్ చేసినదా, వాట్సాప్ బృందంలో వచ్చినదా, ఈమెయిలు జతపత్రమా అన్నది గుర్తులేదు. పది నిమిషాలు వెతికి, దొరకక, జ్ఞాపకం మీద ఆధారపడి సలహా ఇవ్వవలసి వచ్చింది. ఈ పది నిమిషాలే ఈ వ్యాసపు విషయము.

ఫైలు ఎక్కడ నిలుస్తుంది?

ఫైలు నిలిచే స్థానం అది ఏ విషయానికి సంబంధించినది అన్నదానిని బట్టి కాక, ఏ మార్గంలో టాబ్లెట్‌లోకి వచ్చింది అన్నదానిని బట్టి నిర్ణయమవుతుంది. ఈ ఒక్క సూత్రం గ్రహిస్తే సగం అన్వేషణ తీరుతుంది. కాబట్టి "ఆ ఫైలు ఏమిటి?" అన్న ప్రశ్నకు ముందు "ఆ ఫైలు నాకు ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న వేసుకోవలెను.

1. బ్రౌజరు ద్వారా వచ్చినవి. విశ్వవిద్యాలయం వెబ్‌సైటు నుండి గాని, ఇతర వెబ్‌సైట్ల నుండి గాని క్రోమ్ ద్వారా తీసుకున్న ఫైళ్ళు అంతర్గత నిల్వలోని 'డౌన్‌లోడ్' ఫోల్డరుకు చేరుతాయి. క్రోమ్‌లో పైన ఉండే మూడు చుక్కలను నొక్కి 'డౌన్‌లోడ్స్' ఎంచుకుంటే వీటి జాబితా కనిపిస్తుంది. ఒకే ఫైలును రెండవసారి తీసుకుంటే పేరు చివర కుండలీకరణంలో 1, 2 వంటి అంకె చేరుతుంది. ఒకే కరపత్రానికి నాలుగైదు ప్రతులు పేరుకుపోవడానికి ఇదే కారణం.

2. వాట్సాప్ ద్వారా వచ్చినవి. ఇవి 'డౌన్‌లోడ్' ఫోల్డరులోకి రావు. ఆండ్రాయిడ్ 11 తరువాతి టాబ్లెట్లలో అంతర్గత నిల్వ, ఆండ్రాయిడ్, మీడియా, వాట్సాప్ పేరుగల ఫోల్డర్ల వరుసలో లోపలికి వెళితే 'వాట్సాప్ డాక్యుమెంట్స్', 'వాట్సాప్ ఇమేజెస్', 'వాట్సాప్ వీడియో' అనే ఫోల్డర్లు కనిపిస్తాయి. పాత టాబ్లెట్లలో వాట్సాప్ ఫోల్డరు నేరుగా అంతర్గత నిల్వ మొదటి వరుసలోనే ఉండేది. ఇంత లోపలికి వెళ్ళనవసరం లేకుండా, ఆ బృందం పేరును తాకి 'మీడియా, లింకులు, డాక్యుమెంట్లు' అన్న భాగాన్ని తెరిస్తే అందులో వచ్చిన పత్రాలన్నీ తేదీ వరుసలో దొరుకుతాయి. సందేశంలో కనిపించే ప్రతి పత్రమూ టాబ్లెట్‌లోకి దిగినట్లు కాదు. క్రింది బాణం గుర్తు ఇంకా కనిపిస్తున్నదంటే అది దిగలేదని అర్థము.

3. కెమెరా ద్వారా వచ్చినవి. టాబ్లెట్‌తో తీసిన ఛాయాచిత్రాలు 'డీసీఐఎం' ఫోల్డరులోని 'కెమెరా' అనే ఉపఫోల్డరులో ఉంటాయి. తెరపట్టులు, అనగా స్క్రీన్‌షాట్లు, తయారీదారును బట్టి 'పిక్చర్స్'లో గాని 'డీసీఐఎం'లో గాని ప్రత్యేక ఫోల్డరులో చేరుతాయి.

4. యాప్ తన లోపలే దాచుకొన్నవి. యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్‌గా భద్రపరచిన వీడియో, గూగుల్ డ్రైవ్‌లో ఆఫ్‌లైన్‌గా ఉంచుకున్న పత్రం, సర్వే యాప్‌లో నింపి ఇంకా పంపని నమూనా ఈ కోవలోనివి. ఇవి సాధారణ ఫైల్ మేనేజరులో కనిపించవు, ఆయా యాప్ తెరిచి అందులోనే చూడవలెను. యాప్‌ను తొలగించినా, సెట్టింగులలో దాని 'డేటా'ను చెరిపినా ఇవి కూడా పోతాయి. 'క్యాష్' చెరపడం వేరు, 'డేటా' చెరపడం వేరు. మొదటిది తాత్కాలిక చెత్తను తొలగిస్తుంది. రెండవది రైతు వద్ద గంటసేపు కూర్చొని నింపిన వివరాలను తుడిచివేస్తుంది. సిగ్నలు అందని చోట పనిచేసి వచ్చిన సిబ్బంది, వివరాలు సర్వరుకు చేరాయని నిర్ధారించుకోకుండా టాబ్లెట్ నెమ్మదించిందని యాప్‌ను తీసి మళ్ళీ వేయరాదు.

వెతికే క్రమం

తోచిన ఫోల్డరునల్లా తెరవడం కంటె ఒక క్రమాన్ని అలవరచుకోవడం మేలు. మొదట ఫైల్ మేనేజరును తెరవవలెను. కొన్ని టాబ్లెట్లలో దీని పేరు 'ఫైల్స్', శామ్‌సంగ్‌లో 'మై ఫైల్స్'. పైభాగంలో కనిపించే 'ఇటీవలివి' అన్న వరుసను చూడవలెను. నిన్నా మొన్నా వచ్చిన ఫైలైతే ఇక్కడే దొరుకుతుంది.

అక్కడ లేకపోతే రకాన్ని బట్టి వెతకవలెను. 'డాక్యుమెంట్లు', 'చిత్రాలు', 'వీడియోలు', 'ఆడియో' అన్న వర్గాలు ఫోల్డర్లతో నిమిత్తం లేకుండా ఆ రకపు ఫైళ్ళను ఒక్కచోట చూపుతాయి. కరపత్రం పీడీఎఫ్ అయితే 'డాక్యుమెంట్లు' తెరిచి, తేదీ వరుసలో అమర్చి చూడవలెను. నిల్వ నిండిపోయినప్పుడు పరిమాణం వరుసలో అమర్చితే స్థలాన్ని ఆక్రమించిన పెద్ద వీడియోలు ముందు కనిపిస్తాయి.

మూడవది పేరుతో వెతకడం. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు మూడు ఉన్నవి. ఫైల్ మేనేజరు సాధారణంగా ఫైలు పేరునే వెతుకుతుంది గాని లోపలి విషయాన్ని కాదు. పంపినవారు 'వరి' అని రోమను లిపిలో పేరు పెడితే తెలుగు లిపిలో వెతికినా దొరకదు. 'ఉల్లికోడు' అని కలిపి రాసినది 'ఉల్లి కోడు' అని విడదీసి వెతికితే తప్పిపోవచ్చును. ఇక పత్రాన్ని తెరిచి లోపల వెతికితే మరొక అడ్డంకి ఎదురవుతుంది. యూనికోడ్ వ్యాప్తికి పూర్వం అను వంటి ఫాంట్లతో కూర్చిన తెలుగు కరపత్రాలు కంటికి తెలుగుగానే కనిపించినా, యంత్రానికి అవి వేరే అక్షరాలు. అందులో 'ఉల్లికోడు' అని వెతికితే ఒక్కటీ లేదని చెబుతుంది. అచ్చుపుస్తకాన్ని స్కాన్ చేసిన పత్రాలలోనైతే అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. అటువంటి వాటికి పేరు మార్చి భద్రపరచుకోవడమే ఉపాయము.

నాల్గవది చెత్తబుట్ట. పొరపాటున చెరిపిన ఫైలును గూగుల్ 'ఫైల్స్' యాప్‌లోను, శామ్‌సంగ్ 'మై ఫైల్స్'లోను ఆ యాప్ ద్వారానే చెరిపి ఉంటే 30 రోజుల లోపు తిరిగి తీసుకోవచ్చును.

ఐప్యాడ్ వాడేవారు 'ఫైల్స్' యాప్‌లో 'ఆన్ మై ఐప్యాడ్', 'ఐక్లౌడ్ డ్రైవ్' రెండింటిలోనూ 'డౌన్‌లోడ్స్' ఫోల్డరును చూడవలెను. సఫారీ వీటిలో ఏదో ఒకదానిలో ఉంచుతుంది. ఏది అన్నది సెట్టింగులను బట్టి ఉంటుంది.

ఫైలు తేదీ, విషయం తేదీ

ఫైలు దొరకడంతో పని ముగియదు. అది ఎప్పటిదో తెలియవలెను. ఫైల్ మేనేజరు చూపే తేదీ సాధారణంగా ఆ ఫైలు టాబ్లెట్‌లోకి చేరిన తేదీయే గాని పత్రం రాసిన తేదీ కాదు. వాట్సాప్‌లో వచ్చిన చిత్రాల పేర్లలో కనిపించే తేదీ సైతం అటువంటిదే. పదేళ్ళ నాటి కరపత్రాన్ని నిన్న ఎవరో పంపితే, అది జాబితాలో కొత్తదానివలె అన్నిటికంటె పైన నిలుస్తుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. పైన చెప్పిన ఉల్లికోడు ఉదాహరణనే తీసుకొందాము. పాత తెలుగు కరపత్రాలలో ఉల్లికోడు నివారణకు ఫోరేట్ 10 జి గుళికలను సిఫారసు చేసినవి ఉన్నవి. కాని కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీచేసిన పురుగుమందుల నిషేధపు ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్, ట్రైక్లోర్‌ఫాన్, అలాక్లోర్ అనే ఆరు మందుల వాడకం 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధమైంది. ఆ పాత పత్రం టాబ్లెట్‌లో ముందుగా దొరికి, దానిని చూచి విస్తరణాధికారి సలహా ఇస్తే, తాను తెలియక చెప్పినా అది నిషిద్ధమైన విషపదార్థాన్ని రైతు చేతికి సూచించినట్లే అవుతుంది. రైతు ఆ సలహాను నమ్మేది మాట మీద కాదు, తెర మీద చూపిన విశ్వవిద్యాలయపు చిహ్నం మీద. కనుక పత్రం మొదటి, చివరి పుటలలో ప్రచురణ సంవత్సరం చూడకుండా మందు పేరు చదవరాదు. సంవత్సరం లేని పత్రాన్ని లక్షణాలు గుర్తించడానికి వాడవచ్చును గాని, మందు, మోతాదు చెప్పడానికి వాడరాదు.

క్షేత్ర ఛాయాచిత్రాల సంరక్షణ

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో అతి భారీ వర్షాలు కురిసినవి. నూరేళ్ళు దాటిన పోచారం ఆనకట్ట మీదుగా అసాధారణమైన వరద పొర్లి ప్రవహించింది. ఇటువంటి విపత్తుల తరువాత పంటనష్టాన్ని అంచనా వేసే బాధ్యత విస్తరణ సిబ్బందిపై పడుతుంది. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి పంట దెబ్బతిన్న రైతుకే పెట్టుబడి రాయితీ అర్హత. ఇసుక మేట వేసిన మడి ఈ వారం ఉన్నట్లు వచ్చే వారం ఉండదు. కనుక ఆనాడు తీసిన ఛాయాచిత్రం రైతు పక్షాన నిలిచే సాక్ష్యము.

కెమెరాతో తీసిన అసలు చిత్రంలో తీసిన సమయం, స్థాన నమోదు అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడ నిక్షిప్తమై ఉంటాయి. ఆ చిత్రాన్నే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే పరిమాణం తగ్గడమే కాక ఈ వివరాలు తొలగిపోతాయి. అందుకొనినవారి టాబ్లెట్‌లో మిగిలేది చేరిన తేదీ మాత్రమే. కాబట్టి అసలు చిత్రాన్ని 'కెమెరా' ఫోల్డరు నుండి చెరపరాదు. పంపవలసి వస్తే ఫొటోగా కాక 'డాక్యుమెంటు'గా జతపరచి పంపవలెను. అప్పుడు ఫైలు యథాతథంగా వెళుతుంది. నాడు సాయంత్రమే గ్రామం పేరుతో ఒక ఫోల్డరు చేసి అసలు చిత్రాల నకలును మెమరీ కార్డులోనో, ఆఫీసు కంప్యూటరులోనో ఉంచుకొనవలెను.

పేర్లు, ఫోల్డర్ల క్రమశిక్షణ

వెతకడానికి మంచి మార్గం వెతకనవసరం లేకుండా అమర్చుకోవడమే. 'వరి', 'మొక్కజొన్న', 'సోయాచిక్కుడు', 'చెరకు' వంటి పంట ఫోల్డర్లు, 'ఉత్తర్వులు', 'వాతావరణం', 'క్షేత్ర చిత్రాలు' అన్న మూడు సాధారణ ఫోల్డర్లు చాలును. ప్రతి ఫైలుకు సంవత్సరం, పంట, సమస్య అన్న వరుసలో పేరు పెట్టవలెను. ఉదాహరణకు '2024 వరి ఉల్లికోడు'. ఇక్కడి సంవత్సరం పత్రం ప్రచురణ సంవత్సరమే గాని డౌన్‌లోడ్ చేసినది కాదు. వారానికొకసారి, వాతావరణ సలహా అందే రోజున, 'డౌన్‌లోడ్' ఫోల్డరును, వాట్సాప్ పత్రాలను సర్ది, పాత సలహాలను చెరపడం అలవాటు చేసుకోవలెను. బదిలీ అయినప్పుడు టాబ్లెట్‌ను అప్పగించడానికి ముందు ఫైళ్ళ నకలు తీసి, వారసునికి ఫోల్డర్ల జాబితా ఇవ్వడం కూడా విధి నిర్వహణలో భాగమే.

ఉపసంహారం

పరిశోధన కేంద్రంలో పుట్టిన సిఫారసు రైతు మడికి చేరే దారిలో చివరి మజిలీ విస్తరణాధికారి టాబ్లెట్. అక్కడ అది తప్పిపోతే అంతకు ముందరి శ్రమ అంతా వ్యర్థమవుతుంది. పాతది కొత్తదానిగా చెలామణి అయితే హానికరమవుతుంది. ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవడం, క్రమంలో వెతకడం, విషయపు తేదీని సరిచూడటం, అసలు చిత్రాన్ని కాపాడటం అనే నాలుగు అలవాట్లకు ఖర్చు లేదు, సాంకేతిక పట్టా అక్కరలేదు. విస్తరణ శిక్షణలలో యాప్‌ల వాడకంతో పాటు వీటినీ ఒక పూట పాఠంగా చేర్చడం సముచితము.

విద్యార్థులకు అభ్యాసం

1. మీ టాబ్లెట్‌లోగాని ఫోనులోగాని వరికి సంబంధించిన పత్రాలన్నిటిని వెతికి, ఒక్కొక్కటి ఏ మార్గంలో వచ్చిందో పట్టిక వేయండి.
2. వాటిలో ప్రచురణ సంవత్సరం ఉన్నవెన్ని, లేనివెన్ని? 2020 డిసెంబరు 31 తరువాత నిషిద్ధమైన మందులను సూచించిన పత్రాలు ఉంటే వేరు చేయండి.
3. ఒకే ఛాయాచిత్రాన్ని వాట్సాప్‌లో ఫొటోగాను, డాక్యుమెంటుగాను పంపి, అందిన రెండు ఫైళ్ళ పరిమాణం, తేదీ, స్థాన వివరాలను పోల్చి మీ పరిశీలన రాయండి.