చిన్న సినిమా హాలుకు టిక్కెట్ల యంత్రం: కొన్ని లెక్కలు

సినిమా టిక్కెట్టు చూడడానికి చిన్న కాగితం ముక్కే గాని, దానిమీద ముగ్గురి కన్ను ఉంటుంది. ప్రేక్షకుడికి అది సీటు. పంపిణీదారుకు తన వాటా లెక్క. ప్రభుత్వానికి పన్ను. ఈ ముగ్గురికీ ఆ ఒక్క కాగితమే జవాబు చెప్పాలి. ఒకే తెర ఉన్న పట్టణపు హాలు యజమాని టిక్కెట్టు పుస్తకాలు మాని కంప్యూటరు పెట్టదలచుకుంటే ఏమి చూసుకోవాలి? సైన్సు చదివే నాకు ఇందులో ఆసక్తి కలిగించినది యంత్రం కాదు, దాని వెనుక ఉన్న లెక్క.

పొలానికి మోటారు కొనేవాడు ముందు బావి లోతు చూస్తాడు, ఆ తర్వాతే హార్స్‌పవరు. ఇక్కడా అంతే. యంత్రం ఏమేమి చేయగలదన్నది తర్వాత సంగతి. మన హాలుకు అన్నిటికంటే గడ్డు అరగంట ఏది, ఆ అరగంటలో ఇది నిలబడుతుందా అన్నది ముందు ప్రశ్న.

మొదటి పరీక్ష వేగం. డెన్మార్కుకు చెందిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోను కాల్స్ మీద ప్రచురించిన లెక్కలతో క్యూల గణితానికి పునాది పడింది. బుకింగు కిటికీకీ అదే గణితం. 400 సీట్ల హాలు అనుకుందాం. మనిషి రెండేసి టిక్కెట్లు కొంటే 200 మంది కిటికీ దగ్గరకు వస్తారు. ఒక్కొక్కరికి 30 సెకన్లు పడితే 100 నిమిషాలు. రెండు కిటికీలు తెరిస్తే 50. అదే 20 సెకన్లయితే రెండు కిటికీల మీద 33 నిమిషాలే. మనిషికి పది సెకన్లు తగ్గితే మొత్తంమీద 17 నిమిషాలు కలిసివస్తాయన్న మాట! కాబట్టి అమ్మేవాడు బొమ్మలు చూపిస్తుంటే మురిసిపోకుండా, బుకింగు గుమాస్తాను కూర్చోబెట్టి, గడియారం పట్టుకుని చూడాలి.

రెండవది కరెంటు, నెట్. కొన్ని పద్ధతుల్లో సీట్ల పట్టిక అంతా ఎక్కడో దూరాన కంపెనీ కంప్యూటరులో ఉంటుంది. నెట్ పోయిందా, కిటికీ మూసుకోవలసిందే. పట్టిక హాలులోనే ఉండి, నెట్ వచ్చాక లెక్క పంపే పద్ధతి మనకు మేలు. అయితే నెట్ లేని ఆ కాసేపట్లో ఒకే సీటు ఫోనులోనూ, కిటికీలోనూ అమ్ముడుపోవచ్చు గదా? అందుకని కొన్ని వరుసలు ఫోను బుకింగుకూ, మిగతావి కిటికీకీ ముందే విడదీయాలి. ఇక కరెంటు సంగతి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. సగమే వాడుకున్నా, 150 వాట్ల కంప్యూటరు, ప్రింటరు ఆరు గంటలు నడుస్తాయి.

మూడవది లెక్క. టిక్కెట్టు పుస్తకంలో మొదటి నంబరు, చివరి నంబరు చూస్తే ఆట లెక్క తేలుతుంది. పంపిణీదారుకు వెళ్ళే రోజువారీ కలెక్షన్ రిపోర్టుకు అదే ప్రాణం. కంప్యూటరు కూడా నంబరు తప్పకుండా ఇవ్వాలి. రద్దయిన టిక్కెట్టు మాయం కాకూడదు, ఎవరు ఎప్పుడు రద్దు చేశారో కనబడాలి. థర్మల్ కాగితం మీద అక్షరాలు వేడికి, వెలుతురుకు వెలిసిపోతాయి. జి.ఎస్.టి. చట్టం మాత్రం లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచమంటుంది. కాగితాన్ని నమ్ముకుంటే ఏం లాభం?

పన్ను రేటు మార్చుకునే వీలు యజమాని చేతిలో ఉండాలి. 2017 జూలైలో వంద రూపాయలకు మించని టిక్కెట్టుకు 18 శాతం, ఆపై 28 శాతం. 2019 జనవరి నుంచి అవి 12, 18 అయ్యాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద దాకా 5, ఆపైన 18.

నాలుగవది క్యాంటీను. పదిహేను నిమిషాల ఇంటర్వెల్‌లో వంద మంది వస్తే, ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున 50 నిమిషాల పని. అంటే నలుగురు కావాలి. లేదా పాప్‌కార్న్, సమోసా, సోడా వంటి నాలుగైదు వస్తువులకు పెద్ద మీటలున్న బిల్లు యంత్రం పెట్టి వేగం పెంచాలి. ఒక జాగ్రత్త: హాలులో విడిగా అమ్మే తినుబండారాలకు హోటలు భోజనంలాగా 5 శాతమే పన్నని 2023 జూలైలో జి.ఎస్.టి. మండలి స్పష్టం చేసింది. టిక్కెట్టుతో కలిపి కట్టగట్టి అమ్మితే మొత్తానికి టిక్కెట్టు రేటు పడవచ్చు. కనుక రెండు ఖాతాలూ విడివిడిగా ఉండాలి.

చివరిది ఒప్పందం. టిక్కెట్టుకు రెండు రూపాయలేగా అంటారు. రోజుకు 300 టిక్కెట్లయితే ఏడాదికి 2,19,000 రూపాయలు! ఆ సొమ్ముతో యంత్రం సొంతంగా కొనుక్కోవచ్చునేమో అడిగి చూడాలి. ఒప్పందం వదులుకున్న రోజున పాత లెక్కలన్నీ మన చేతికి ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

ఇన్ని చెప్పినా ఒక మాట మిగిలింది. ఫోను లేని కూలీ, చదువురాని ముసలమ్మ నోటు చేతబట్టుకుని వచ్చినప్పుడు ఆమెకూ సీటు దొరకాలి. చిన్న హాలుకు బతుకునిచ్చేది వారే. వారిని బయట నిలబెట్టే యంత్రం ఎంత గొప్పదైనా మన హాలుకు పనికిరాదు. కిటికీ మూయనక్కరలేని యంత్రమే మంచి యంత్రం. మన విద్యార్థులు నలుగురు గడియారాలు పట్టుకుని ఒక సాయంత్రం బుకింగు దగ్గర నిలబడి క్యూ లెక్క తీసి ఇస్తే, ఆ యజమానికి అంతకన్నా మంచి సలహా మరొకటి ఉండదు. ప్రయోగశాల అంటే నాలుగు గోడల మధ్యదే కానక్కరలేదు గదా!