సంతకం మీదైతే కుర్చీ కూడా మీదే

ప్ర: మహిళా రిజర్వేషన్ వచ్చి సర్పంచ్‌నయ్యాను. సమావేశాలకు మావారే వెళ్తారు. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తే నేను సంతకం పెడతాను. ఇందులో తప్పేమైనా ఉందా?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జ: ఉందమ్మా. పంచాయతీలో మీవారికి ఏ హోదా లేదు. రేపు లెక్క తేలకపోతే నోటీసు వచ్చేది మీ పేరుకే. ముందుగా ఆ పుస్తకం ఇంటికి రావడం ఆపండి. మీరే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, కార్యదర్శితో తీర్మానం చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఖాళీ చెక్కు మీద మాత్రం ఎన్నడూ వద్దు. తెలంగాణలో చెక్కుపై ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి; ఆయన పెట్టేశారని మీరు చూడకుండా పెట్టకండి. గ్రామసభకు అధ్యక్షత వహించాల్సిందీ మీరే. డ్వాక్రా సంఘంలో పొదుపు లెక్క రాసిన చేతికి ఈ పుస్తకం కొత్తేమీ కాదు.

ప్ర: పంచాయతీల్లో సగం సీట్లు మాకిచ్చారు. అసెంబ్లీలో, పార్లమెంటులో ఎప్పుడు?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జ: 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా ఇవ్వాలంది. తెలుగు రాష్ట్రాలు దాన్ని సగం చేశాయి. లోక్‌సభకు, శాసనసభలకు మూడో వంతు ఇస్తూ 2023లో 106వ సవరణ తెచ్చారు. కానీ జనగణన, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులోనే మెలిక పెట్టారు. 2024లో లోక్‌సభకు గెలిచిన మహిళలు 543 మందిలో 74 మందే. టికెట్లివ్వడానికి పార్టీలకు ఏ సవరణా అడ్డు కాదు. ఓటడగడానికి వచ్చినవాళ్లను ఆ మాటే నిలదీయండి.

ప్ర: ఆడవాళ్లు సర్పంచులైతే ఊరికి ఒరిగేదేమిటండీ?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జ: పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలకు రిజర్వేషన్ పడిన పంచాయతీలను, పడనివాటితో పోల్చి రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ఒక పరిశోధన వెలువరించారు. మహిళలున్న చోట తాగునీటి పనులు ఎక్కువగా జరిగాయి. బిందె మోసేది ఎవరో మీకు తెలియనిది కాదు. ఈసారి గ్రామసభకు మీ ఇంటావిడనూ వెంటబెట్టుకెళ్లండి. ఊళ్లో ముందు ఏ పని కావాలో ఆమెనే చెప్పనివ్వండి.