ఒక్కడు మాంసము మానిన లోకమున నేమి తగ్గును?

తొమ్మిదవ తరగతికి త్రైరాశికము చెప్పుచుండగా నొక బాలుడు లేచి, “అయ్యా, నేను మాంసము మానితిని. దానివలన లోకములో నొక్క కోడియైనను తగ్గునా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న లెక్కకు లొంగునట్టిది.

వాని సందేహమునకు ఆధారము లేకపోలేదు. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారము ప్రపంచమున నుత్పత్తియైన మాంసము 1961లో సుమారు 7 కోట్ల టన్నులు, 2022లో సుమారు 36 కోట్ల టన్నులు. ఆ కాలములో జనసంఖ్య మూడు రెట్లయినను కాలేదు. మాంసము ఐదు రెట్లయినది. ఇందులో నొకని విస్తరి యెంత?

అంగడివాని పద్ధతి చూడుడు. వాడు కోళ్లను గంపలుగా తెప్పించును. గంపకు 20 కోళ్లనుకొందము. పందొమ్మండుగురు తలకొక కోడిని మానినను వాడు గంప తగ్గింపడు. ఇరువదియవవాడు మానిననాడు తగ్గించును. మీరు ఆ ఇరువదియవవారగుటకు అవకాశము ఇరువదిలో నొకటి, అట్లయిన ఫలము 20 కోళ్లు. గుణింపుడు: సగటున మనిషికొక కోడి వచ్చును.

ఇక్కడ నిలిపినచో తప్పులెక్క చెప్పినవాడనగుదును. కొనువారు తగ్గిన ధర దిగును. ధర దిగిన పొరుగువాడు మరికొంత కొనును. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రజ్ఞులు బెయిలీ నార్‌వుడ్, జేసన్ లస్క్ 2011లో ప్రకటించిన గ్రంథమున దీనినిగూడ లెక్కించిరి. వారి యంచనాలో నొక పౌను కోడిమాంసము మానినచో ఉత్పత్తి 0.76 పౌను తగ్గును, గొడ్డుమాంసమైన 0.68, గ్రుడ్లయిన 0.91, పాలయిన 0.56. ఇవి అమెరికా బజారు అంకెలు. మన సంతకును ఇట్లే పొసగునని చెప్పజాలను. మఱియు తగ్గుట యనగా నిన్నటికంటె తగ్గుట యనుకొనరాదు. వాడు మానకున్నచో ఎంత యుండెడిదో దానికంటె తగ్గుట. కావుననే మొత్తము పెరుగుచున్నను వాని వంతు సున్న కాదు.

బాలుడు మరల లేచి, “తక్కిన పావు పౌను ఎవరు తినిరండీ?” అనెను. ధర దిగినందున కొనగలిగిన పేదయింటివారు కావచ్చునని చెప్పితిని. పండుగనాడే మాంసము చూచు పిల్లలు ఆ తరగతిలోనే కొందరు గలరు. ఈసారి ఎవరును నవ్వలేదు. నేను నల్లబల్ల తుడువక, ప్రక్కనున్న చోటనే త్రైరాశికము సాగించితిని.