హృదయ వైఫల్యముగల స్త్రీల దినచర్య

మన కాణిపాక ప్రాంతపు రైతు కుటుంబములలో స్త్రీలు తమ ఆయాసమును తుదివఱకు బయటపెట్టరు. పాలు పిదుకుట, నీరు తోడుట, సంగటి కెలకుట ముగిసినగాని కూర్చుండరు. కావున ఈ వ్యాసమును ఇంటి పురుషులు ముఖ్యముగా చదువవలెనని కోరుచున్నాము.

హృదయ వైఫల్యమనగా గుండె నిలిచిపోవుట గాదు. కావలసినంత రక్తమును పంపు శక్తి దానికి తగ్గుట. అప్పుడు ఉప్పును నీరును దేహమున నిలిచిపోవును. పాదములు వాచును, పండుకొన్నచో ఆయాసము హెచ్చును. రక్తపు పోటు, చిన్ననాటి కీళ్లజ్వరముచే చెడిన కవాటములు దీనికి కొన్ని కారణములు. కొందఱికి కాన్పునకు ముందు నెలలో గాని, పిదప అయిదు నెలలలో గాని కలుగును. అట్టివారు మరల గర్భము ధరింపక మునుపే వైద్యుని సంప్రతింపవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాడు. మన రాగిసంగటిలో దోషము లేదు. దానితో నంజుకొను ఊరుబిండి, ఊరగాయ, అప్పడములలోనే ఉప్పంతయు నున్నది. కూరలో తగ్గించి విస్తరి అంచున ఊరగాయ వేసికొన్నచో తగ్గించిన దేమి? ఆమెకు వేఱుగా వండనక్కఱలేదు, ఇంటిల్లిపాదికిని తగ్గింపుడు. ఉప్పునకు బదులుగా అంగళ్లలో అమ్ము పొటాషియము ఉప్పును మాత్రము వైద్యుని అడుగక వాడరాదు.

పాలకేంద్రమున ప్రతిదినము పాలు కొలిచి పోయుచున్నాము గదా, ఇల్లాలి బరువు నెన్నడైన చూచితిమా? ఉదయము మూత్రవిసర్జనానంతరము, ఏమియు తినకమునుపు తూచి పంచాంగపు కాగితముపై వ్రాసికొనవలెను. మూడు దినములలో 2 కిలోలకు మించి పెరిగినచో అది కండ గాదు, నీరు. వెంటనే వైద్యుని చూడవలెను.

నీరు తీయు మాత్రను చేనికి పోవునాడును, బస్సెక్కునాడును పలువురు మానుచున్నారు. మరుగు లేకపోవుటయే హేతువు, చెప్పుకొనుటకు సిగ్గు. ఆనాడు ఏవేళ మ్రింగవచ్చునో వైద్యునే అడుగవలెను గాని మానరాదు. వినాయక చవితి మొదలు ఇరువదియొక్క దినముల ఉత్సవములలో ఉపవాసమున్నను మాత్రలు విడువరాదు. కలుపుతీసిన పిదప మోకాళ్ల నొప్పికై అంగడిలో కొను ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు దేహమున నీటిని నిలుపును, ఇవి వలదు.

వైద్యుడు వలదననిచో, మాటాడుచు నడువగలిగినంత మెల్లగా దినమును నడచుట మేలు. రాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నను, రొమ్ము నొప్పి పుట్టినను తెల్లవాఱువఱకు వేచియుండక 108 వాహనమును పిలువవలెను.