పాతబడిన అద్భుతము

1968 డిసెంబరు 24వ తేదీన అపోలో-8 అను నౌకలో ముగ్గురు అమెరికా వ్యోమగాములు చంద్రుని చుట్టును పరిభ్రమించుచుండిరి. వారు ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లోవెల్, విలియం ఆండర్స్ అనువారు. చంద్రుని ఆవలివైపును కన్నులార చూచిన మొదటి మానవులు వారే. నాలుగవ ప్రదక్షిణమున, చంద్రుని అంచుపై నీలవర్ణముతో మన భూగోళము ఉదయించుట చూచి వారు నివ్వెరపోయిరి. లోవెల్ తన బొటనవ్రేలిని కంటి కెదురుగా నిలిపి భూమినంతయు దాని చాటున దాచగలిగెను. సముద్రములు, రాజ్యములు, మన ఊళ్లు, అన్నియు ఒక్క వ్రేలి మాటున!

ఆ రాత్రి భూలోకమునకు సందేశము పంపునపుడు వారు తమ ఘనతను చెప్పుకొనలేదు. బైబిలునందు సృష్టిని వర్ణించు తొలి పది వచనములను ముగ్గురును వంతులవారిగా చదివిరి. ప్రభుత్వ యాత్రలో మతగ్రంథ పఠనమేల యని ఒక నాస్తికురాలు న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను, అది కొట్టివేయబడినది. ఆమె ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని ఆ కిటికీ యొద్ద నిలిచినచో ఆమెయు క్షణకాలము మౌనము వహించి యుండునని తోచును.

1969 జూలై 20న మానవుడు చంద్రునిపై పాదము మోపెను. లోకమెల్ల ఊపిరి బిగబట్టి వినెను. విద్యార్థులారా, పిమ్మట జరిగినది వినుడు. తొమ్మిది నెలలైనను నిండక మునుపే, 1970 ఏప్రిల్ 11న అపోలో-13 బయలుదేరెను. నాయకుడు ఆ లోవెలే. 13వ తేదీ రాత్రి వ్యోమగాములు నౌకనుండి టెలివిజన్ ప్రసారము గావించిరి. అమెరికాలోని ప్రధాన సంస్థలలో ఒక్కటియు దానిని చూపలేదు. చంద్రయాత్ర అప్పటికే పాతబడినది!

ప్రసారము ముగిసిన కొలది నిమిషములకు ప్రాణవాయువు తొట్టి ప్రేలెను. భూమి మూడు లక్షల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఇద్దరికై నిర్మించిన చిన్న చంద్రనౌకలో ముగ్గురును చలికి వణకుచు, నీరు పొదుపుగా త్రాగుచు తలదాచుకొనిరి. చెడిన గాలిని శుభ్రపరచుటకు అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచులు, అంటుపట్టీలతో ఒక సాధనమును కూర్చుకొనిరి. అప్పుడు లోకము మరల మేల్కొనెను. అమెరికా సెనేటు ప్రజలను ప్రార్థింపుడని కోరెను. మొన్న చూడనొల్లనివారే టెలివిజన్ పెట్టెల ముందు కూర్చుండిరి. అది భయము, ఆశ్చర్యము వేరు.

ఆశ్చర్యము ఆ నౌకలోనే మిగిలియుండెను. ప్రేలుడు జరిగిన మరునాడు నౌక చంద్రుని వెనుకగా సాగినది. తిరిగి ఇల్లు చేరుదురో లేదో తెలియని ఆ వేళ, ఫ్రెడ్ హేజ్, జాక్ స్విగర్ట్ అనువారు కిటికీలను వదలక చంద్రుని ఛాయాచిత్రములు తీయుచుండిరి. ముందు ఇల్లు చేరు మాట చూడుడని లోవెల్ తొందరపెట్టెను. అతడు ఆ దృశ్యమును మునుపే చూచినవాడు, వారు చూడలేదు.