మూలకణాల బుడగలు షుగరుకు మందేనా?

షుగరు ఉన్నవారికి కాలి పుండు నెలల తరబడి మానకపోతే ఇంటిల్లిపాదికీ దిగులే. అలాంటి సమయంలో “ఎక్సోజోము ఇంజెక్షను వేయించుకోండి, పుండు మానుతుంది, ఇన్సులిను కూడా అక్కర్లేదు” అని ఎవరైనా చెబితే ఆశ పుడుతుంది. డబ్బు కట్టేముందు ఈ నాలుగు విషయాలు తెలుసుకోండి.

ఎక్సోజోములంటే ఏమిటి?
మన శరీర కణాలు అతి సన్నని బుడగలను బయటకు వదులుతుంటాయి. వాటిలో చాలా చిన్నవి ఎక్సోజోములు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. ఈ బుడగ సైజు సుమారు 30 నుండి 150 నానోమీటర్లు. 1983లో ఎర్ర రక్తకణాలపై పరిశోధనల్లో ఇవి కనిపించినప్పుడు కణం పారవేసే చెత్త అనుకున్నారు. కానీ ఇవి ఒక కణం నుండి మరో కణానికి ఆర్.ఎన్.ఏ. చేరవేస్తాయని 2007లో తేలింది. అంటే ఇవి కణాల మధ్య నడిచే ఉత్తరాల వంటివి.

మూలకణాలతో సంబంధమేమిటి?
శరీరంలోకి ఎక్కించిన మూలకణాలు చాలావరకు ఎక్కువకాలం బ్రతకవు. అయినా కొంత మేలు కనిపించడంతో, ఆ మేలు అవి వదిలే బుడగల వల్లనేమోనని శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 2010లో గుండెకు రక్తం ఆపి మళ్ళీ వదిలిన చిట్టెలుకల్లో, ఈ బుడగలు ఇచ్చినప్పుడు గుండె దెబ్బ తగ్గింది. 2018లో షుగరు తెప్పించిన ఎలుకలకు బొడ్డుతాడు మూలకణాల ఎక్సోజోములు ఇస్తే రక్తంలో చక్కెర తగ్గింది.

మరి మనుషులకు?
ఎలుకలో పనిచేసినదంతా మనిషికి మందు కాదు. ఎంత మోతాదు, ఎన్నిసార్లు, ఎంత శుభ్రంగా తయారుచేయాలి అన్నవి మనుషులపై పరీక్షల్లోనే తేలాలి. 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అనుమతి లేని ఎక్సోజోములు వాడిన రోగులకు తీవ్రమైన హాని జరిగిందని హెచ్చరించింది. ఆమోదం పొందిన ఎక్సోజోము మందు అప్పటికి ఒక్కటీ లేదని కూడా చెప్పింది.

ఎవరైనా ఈ చికిత్స చెబితే అడగండి:
1. ఇది పరిశోధనా? అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు నెంబరు ఏది?
2. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నదా? సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారా?
3. పరిశోధనే అయితే నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?

సరైన జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. ఎవరు చెప్పినా మీ డాక్టరును అడగకుండా ఇన్సులిను, మాత్రలు ఆపకండి. టైప్ 1 షుగరు ఉన్నవారు ఇన్సులిను మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం.

రోజూ పడుకునేముందు పాదాలు, వేళ్ళ సందులు చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి. చెప్పులు లేకుండా నడవకండి. చీము, నలుపు, వాపు, జ్వరం కనిపిస్తే నొప్పి లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి రండి. షుగరు వల్ల నరాలు మొద్దుబారితే పుండు ముదిరినా నొప్పి తెలియదు.