అంగారకుని మీది గీతలు

నాందేడ్ జిల్లాలోని మాహూర్ కొండల ఊరు. రేణుకామాత గుడి, దత్తశిఖరం, అనసూయామాత గుడి ఆ కొండల మీదనే ఉన్నాయి. చుట్టూ అడవి. పెద్ద నగరాల వెలుగు సోకని చోటు కనుక రాత్రివేళ ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క కాలంలో వాటి నడుమ ఎర్రని చుక్క ఒకటి నిలకడగా వెలుగుతుంది. అదే అంగారక గ్రహం. తెలుగువారు దానిని కుజుడని కూడా అంటారు. మరాఠీవారు మంగళ్ అంటారు. ఈ ఎర్రని చుక్క ఒకప్పుడు పండితుల మధ్య పెద్ద తగవు తెచ్చిపెట్టింది.

1877లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లీ దూరదర్శినితో అంగారకుణ్ణి చూసి పటం గీశాడు. అందులో సన్నని గీతలు చూపి, వాటిని 'కనాలీ' అన్నాడు. ఇటలీ భాషలో ఆ మాటకు సహజంగా ఏర్పడిన పాయలు అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది తవ్విన కాలువలుగా మారింది. అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే సంపన్నుడు 1894లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. అంగారకుని మీద తెలివిగల ప్రాణులు ఉన్నాయనీ, మంచు కరిగిన నీటిని పారించుకోవడానికి అవి కాలువలు తవ్వుకున్నాయనీ వాదించాడు.

కొందరు నమ్మారు. కొందరు కొట్టివేశారు. ఇంగ్లండులో మాండర్ అనే శాస్త్రజ్ఞుడు 1903లో ఒక పరీక్ష జరిపాడు. చుక్కలు, మచ్చలు మాత్రమే ఉన్న బొమ్మను బడిపిల్లల ఎదుట దూరంగా ఉంచి, కనిపించినది గీయమన్నాడు. చాలామంది పిల్లలు లేని గీతలను గీశారు! విడివిడిగా ఉన్న మచ్చలను కన్ను కలిపి గీతగా చూస్తుందని దీనివల్ల తేలింది.

1905లో లోవెల్ వేధశాలలో లాంప్లండ్ అంగారకుణ్ణి ఫోటోలు తీశాడు. ఇక తగవు తీరినట్లేనని లోవెల్ తలచాడు. కాని ఆ ఫోటోలలో గ్రహం జొన్నగింజ కంటే కొంచెం పెద్దగా మాత్రమే ఉంది. నమ్మినవారికి అందులో గీతలు కనిపించాయి. నమ్మనివారికి కనిపించలేదు. తగవు అలాగే మిగిలింది.

గ్రహాన్ని ఫోటో తీయడం ఎందుకంత కష్టం? ఎండాకాలంలో తారు రోడ్డు మీద దూరాన ఉన్న వస్తువులు కదలాడినట్లు కనిపిస్తాయి. వేడిగాలి కదలికే దానికి కారణం. ఆకాశంలోని గాలి కూడా అలాగే కదులుతూ ఉంటుంది. పూర్వం గాజుపలక మీద బొమ్మ పడేలోగా గాలి కదిలి, అది మసకబారేది.

1909 సెప్టెంబరు 20న ఫ్రాన్సులో ఆంటోనియాడీ 83 సెంటీమీటర్ల దూరదర్శినితో అంగారకుణ్ణి చూశాడు. ఆ రాత్రి గాలి ఎంతో నిలకడగా ఉంది. గీతలుగా తోచినవి చిన్నచిన్న మచ్చలుగా విడిపోయి కనిపించాయి. ఒకప్పుడు ఆయన కూడా గీతలు గీసినవాడే. అయినా తన అభిప్రాయం మార్చుకోవడానికి సిగ్గుపడలేదు. తన చిత్రాలను లోవెల్‌కే పంపాడు. వారి మాట కలవలేదు, కాని ఉత్తరాలలో మర్యాద తప్పలేదు. 1965లో మారినర్-4 అనే అంతరిక్ష నౌక దగ్గరనుంచి ఫోటోలు పంపింది. వాటిలో గుంటలు ఉన్నాయి. కాలువలు లేవు.

వేడుకగా ఆకాశాన్ని చూసేవారు మన ప్రాంతంలోనూ ఉండేవారు. మాహూర్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ రాష్ట్రంలో నవాబు జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. అదే నిజామియా వేధశాల. తరువాత అక్కడ లక్షలాది నక్షత్రాలను ఫోటోలు తీసి పట్టికలు వేశారు.

నేడు వేడుకగా గ్రహాలను చిత్రించేవారు వీడియో తీస్తారు. వేలకొద్దీ బొమ్మలలో స్పష్టమైనవి ఏరి, కంప్యూటరుతో ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే బొమ్మ చేస్తారు. అయితే బొమ్మకు మరీ మెరుగు పెడితే లేని గీతలు కూడా పుడతాయి. అందుకే తగవులు నేటికీ వస్తుంటాయి.

2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ అనే ఔత్సాహికుడు గురుగ్రహం మీద నల్లని మచ్చ చూశాడు. వెంటనే చాటలేదు. అది తుపానా, ఉపగ్రహపు నీడా అని పరిశీలించాడు. రెండు రాత్రుల ముందటి తన ఫోటోలు తీసి చూశాడు. వాటిలో మచ్చ లేదు. అప్పుడు ఇతరులకు తెలిపి, చూడమన్నాడు. హవాయి దీవిలోని పెద్ద దూరదర్శిని అది నిజమేనని తేల్చింది. గురుగ్రహాన్ని ఏదో ఢీకొన్న గుర్తు అది!

ఎదుటివాడు లేనిది చూపుతున్నాడని తోచినప్పుడు అతన్ని దొంగ అనడం తేలిక. అసలు బొమ్మ చూపమనడం, తీసిన వేళ అడగడం, మనమూ ఒకసారి తీసి చూడడం కష్టం. కాని తగవు తీరేది ఆ కష్టంతోనే. నోరు జారితే స్నేహం పోతుంది. ఓపిక పడితే నిజం తేలుతుంది.

ప్రశ్నలు

1. మాండర్ జరిపిన పరీక్ష వల్ల ఏమి తేలింది?
2. లోవెల్ వేధశాల ఫోటోలు తగవును ఎందుకు తీర్చలేకపోయాయి?
3. ఆంటోనియాడీ, వెస్లీలలో మీకు నచ్చిన గుణాలు ఏవి? మీ మాటల్లో రాయండి.